నల్ల మెట్ల దగ్గర మొదలుపెట్టిన పియానో: పసిపిల్లల తరగతి ఒకదానిపై సమీక్ష

మా అమ్మాయికి ఐదేళ్లు నిండిన నెలలోనే, నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటల రూపంలో పియానో నేర్పే ఒక ప్రారంభ తరగతిలో చేర్పించాము. వారానికి రెండు రోజులు, రోజుకు అరగంట చొప్పున పాఠం ఉంటుంది. బృందానికి నలుగురు పిల్లలు. గది వెనుక కుర్చీలలో ప్రతి బిడ్డ తరఫునా తల్లో తండ్రో కూర్చోవడం తప్పనిసరి. ఎనిమిది నెలల మొదటి దశ ఇటీవలే ముగిసింది. దాదాపు ప్రతి పాఠాన్నీ ఆ వెనుక కుర్చీలో కూర్చుని చూశాను కాబట్టి, ఇటువంటి తరగతి కోసం వెతుకుతున్న తల్లిదండ్రులకు పనికివస్తుందని నేను గమనించిన విషయాలు రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఆటలోనే సంగీతం ఇమిడి ఉన్న చోటల్లా ఈ తరగతి ఎంతో గొప్పగా ఉంది. ఆటను సంగీతానికి తాయిలంగా వాడిన చోటల్లా వెలవెలబోయింది. లోపాలు ఉన్నప్పటికీ మా అమ్మాయిని రెండో దశలోనూ ఇక్కడే చేర్పించాము.

మొదటి రోజు పాట లేదు, వేళ్ల పాఠమూ లేదు. ఉపాధ్యాయురాలు నిలువు పియానో పైమూత తెరిచి, ముందు పలకను ఊడదీసి పక్కన పెట్టి, పిల్లలను ఒక్కొక్కరిగా స్టూలు మీద నిలబెట్టి లోపలికి చూడనిచ్చారు. మెట్టు (వేలితో నొక్కే కీ) నొక్కగానే తీగను అణచి ఉంచే ఫెల్టు (మెత్తటి ఉన్ని గుడ్డ) దిమ్మె తొలగడం, ఫెల్టు చుట్టిన సుత్తి లేచి తీగను కొట్టి వెంటనే వెనక్కి రావడం, వేలు తీసిన క్షణంలో దిమ్మె మళ్లీ వచ్చి వాలి మోతను ఆపడం వాళ్లు కళ్లారా చూశారు. ఆ తరువాత ఒక పందెం పెట్టారు. మెట్టును పూర్తిగా కిందికి దించాలి, కానీ ఏ ధ్వనీ రాకూడదు. చాలా నెమ్మదిగా దించితే సుత్తి తీగ దాకా చేరదు కాబట్టి నిజంగానే ధ్వని రాదు. నలుగురు పిల్లలు ఊపిరి బిగబట్టి ఒక్కో మెట్టునూ దించుతూ ఉంటే, ఐదేళ్ల వాళ్లు అంత ఏకాగ్రతతో ఉండగలరని నాకు అప్పుడే తెలిసింది.

ఆ పందెంలో గెలవాలంటే, మెట్టు ఎంత వేగంగా దిగితే ధ్వని అంత గట్టిగా వస్తుందన్న సంగతి వేలికి తెలియాలి. పియానో అనే వాద్యం పుట్టుకకే మూలమైన విషయం ఇది. అంతకుముందున్న హార్ప్‌సికార్డ్ తీగను మీటి పలికిస్తుంది. వేలు ఎంత బలంగా పడినా ధ్వనిలో పెద్ద తేడా రాదు. 1700 ప్రాంతంలో ఇటలీలో బార్తొలోమియో క్రిస్టోఫోరి సుత్తులతో కొట్టే ఏర్పాటు చేసి, మెల్లగానూ గట్టిగానూ పలకగల వాద్యాన్ని తయారు చేశాడు. ఇటాలియన్‌లో పియానో అంటే మెల్లగా, ఫోర్టే అంటే గట్టిగా. ఆ రెండు మాటల జంట నుంచే వాద్యానికి ఈ పేరు మిగిలింది. పిల్లలకు ఈ చరిత్ర ఎవరూ చెప్పలేదు, చెప్పనవసరమూ లేదు. వాళ్ల వేళ్లు మాత్రం ఆ చరిత్రలోని అసలు సంగతిని మొదటి అరగంటలోనే తాకాయి.

ఇదే పందానికి రెండో వారంలో వచ్చిన కొనసాగింపు మా అమ్మాయికి నేటికీ అన్నిటికంటే ఇష్టమైన ఆట. పియానో స్వరాలను ఎ నుంచి జి దాకా ఇంగ్లీషు అక్షరాలతో పిలుస్తారు. ఒక బిడ్డ మధ్యలో ఉన్న సి మెట్టును నిశ్శబ్దంగా దించి అలాగే పట్టుకుని ఉండాలి. మరో బిడ్డ దానికి ఒక స్థాయి (ఏడు తెల్ల మెట్లు) కింద ఉన్న సి మెట్టును గట్టిగా కొట్టి వెంటనే వేలు తీసేయాలి. కొట్టిన స్వరం ఆగిపోతుంది, ఎవరూ కొట్టని పై స్వరం మాత్రం సన్నగా మోగుతూ ఉంటుంది. దిమ్మె తొలగిన ఆ తీగ, కింది స్వరంలో దాగి ఉన్న తన కంపనానికి స్పందించి తనంతట తానే పలుకుతుంది. ఆ సన్నని మోత ఎప్పుడు పూర్తిగా ఆగిపోయిందో చేయి ఎత్తి చెప్పాలన్నది ఆట. వినడం నేర్పడానికి ఇంతకంటే మంచి మార్గం నాకు తోచదు. గదిలో పెద్దవాళ్లం కూడా కదలకుండా కూర్చుని విన్నాము.

స్థాయిల పాఠంలో ఒక చిన్న చిక్కు ఎదురవుతుంది. మనం మాటల్లో స్వరం పైకి వెళ్లింది, కిందికి దిగింది అంటాము. పియానో మీద మాత్రం పైకి అంటే కుడివైపు, కిందికి అంటే ఎడమవైపు. పెద్దలకు అలవాటైపోయిన ఈ తిరకాసు పిల్లలకు నిజంగా అర్థం కాదు. ఉపాధ్యాయురాలు ఒక చిన్న కీబోర్డును మంద్ర స్వరాలు నేల వైపు ఉండేలా నిలువుగా గోడకు ఆనించి, కొన్ని స్వరాలు వాయించి, దాన్ని మెల్లగా పక్కకు ఒరగబెట్టి బల్ల మీద పడుకోబెట్టారు. అంతటితో ఆ చిక్కు విడిపోయింది. ఏనుగు అడుగులు ఎడమ చివర, పిచ్చుక పలుకులు కుడి చివర అనే ఆట అన్ని చోట్లా ఆడించేదే కాబట్టి దాని గురించి ఎక్కువ రాయను.

నల్ల మెట్ల సంగతి మాత్రం వివరంగా చెప్పాలి. పియానోలో మొత్తం 88 మెట్లు, వాటిలో 52 తెల్లవి, 36 నల్లవి. తెల్ల మెట్లన్నీ ఒకే తీరుగా వరుసగా ఉంటాయి. ఎక్కడ ఉన్నామో చెప్పే ఆనవాళ్లు నల్ల మెట్లే. అవి రెండేసి, మూడేసి గుంపులుగా ఉంటాయి. రెండింటిని కవలలని, మూడింటిని అక్కచెల్లెళ్లని పేర్లు పెట్టి, కళ్లు మూసుకుని అరచేత్తో తడిమి ఏ గుంపో చెప్పించారు. కవలలకు ఎడమ పక్కన ఆనుకుని ఉన్న తెల్ల మెట్టే సి అన్న మాట ఆ తరువాతే వచ్చింది. మూడో వారంలో పిల్లలు ఎడమ చివర నుంచి ఒక్కో గుంపు మీద ఒక్కో గవ్వ పెడుతూ వెళ్తుంటే మా అమ్మాయి ఆగిపోయి, ఈ మొదటి నల్ల మెట్టుకు తోడు ఎవరూ లేరేమని అడిగింది. నేను అన్నేళ్లుగా పియానోలు చూస్తున్నా ఎన్నడూ గమనించని సంగతి అది. గుంపులు కవలలవి ఏడు, అక్కచెల్లెళ్లవి ఏడు. ఆ రెండూ కలిపి 35 మెట్లు కాగా, 36వది ఎడమ చివర ఒంటరిగా ఉంటుంది. ఉపాధ్యాయురాలు జవాబు చెప్పకుండా, దాని కుడివైపు ఉన్న తెల్ల మెట్లను చూసి అది ఎవరి చెల్లెలో కనుక్కోమన్నారు. పది నిమిషాల పాటు నలుగురూ మిగతా గుంపులతో పోల్చి చూసి, అది మూడో చెల్లెలని, ఆమె ఇద్దరు అక్కలు పియానో బయట ఉండిపోయారని తేల్చారు. నాకు ఈ తరగతి మీద నమ్మకం కుదిరింది ఆ పది నిమిషాలలోనే.

వేళ్లకు సంబంధించిన క్రమం కూడా ఆలోచించి పెట్టినదే. ఐదేళ్ల పిల్లల వేళ్ల చివరి కణుపులు ఇంకా గట్టిపడవు. ఐదు వేళ్లూ ఒకేసారి ఐదు తెల్ల మెట్ల మీద పెట్టించి వాయించమంటే కణుపులు లోపలికి వంగిపోతాయి, మణికట్టు బిగుసుకుంటుంది, ఆ బిగువు అలవాటైతే పోగొట్టడం చాలా కష్టం. ఇక్కడ మొదటి నెలంతా పిడికిలితో, అరచేతితో, తరువాత బొటనవేలి ఆసరాతో మధ్యవేలు ఒక్కదానితో నల్ల మెట్ల మీదే వాయించారు. నల్ల మెట్లు ఎత్తుగా ఉంటాయి కాబట్టి చిన్న చేయి వాటి మీద గురి తప్పకుండా వాలుతుంది. పొడుగు వేళ్లను నల్ల మెట్ల మీద ఉంచితే చేయి సహజమైన వంపులో కుదురుతుందన్నది కొత్త ఆలోచన కాదు. పంతొమ్మిదో శతాబ్దపు పియానో స్వరకర్త షోపాన్ తన శిష్యులకు చేతి భంగిమను ఇ, ఎఫ్ షార్ప్, జి షార్ప్, ఎ షార్ప్, బి అనే ఐదు మెట్ల మీద నేర్పేవాడు. ఇక్కడ షార్ప్ అంటే ఆ అక్షరం మెట్టుకు కుడి పక్కన ఉన్న నల్ల మెట్టు. ఆ ఐదింటిలో మధ్య మూడు వేళ్లకూ నల్ల మెట్లే వస్తాయి.

నల్ల మెట్లకు ఇంకో సుగుణం ఉంది. వాటిలో ఏ రెండు కలిపి నొక్కినా చెవికి గుచ్చుకునే కలయిక రాదు. ఎఫ్ షార్ప్‌ను షడ్జమం (స) అనుకుని వరుసగా వాయిస్తే మన మోహన రాగ స్వరాలే పలుకుతాయి. అందువల్ల ఉపాధ్యాయురాలు కింది స్థాయిలో ఒక చిన్న నడకను మళ్లీ మళ్లీ వాయిస్తూ ఉంటే, పిల్లలు పై స్థాయిలో నల్ల మెట్ల మీద తమకు తోచినట్టు వాయించేవారు. ఏది వాయించినా తప్పు కాదు, పైగా వినడానికి బాగుంటుంది. వాన కురుస్తున్నట్టు వాయించు, కుందేలు పారిపోతున్నట్టు వాయించు అన్న సూచనలతో వాళ్లు వేగాన్ని, బలాన్ని, ఖాళీని వాడటం నేర్చుకున్నారు. మనోధర్మం, అంటే అప్పటికప్పుడు సొంతంగా కల్పించి వాయించడం, అన్నది ఎన్నో ఏళ్ల శిక్షణ తరువాత వచ్చే విషయంగా భావించే నాకు, అది మొదటి నెలలోనే ఎదురుకావడం ఎంతో సంతోషం కలిగించింది.

లయ పాఠాలు పియానో దగ్గర కాకుండా గది మధ్యలో నడుస్తాయి. నడకకు ఒక అక్షరం, పరుగుకు రెండు అక్షరాలు, సాగదీసిన అడుగుకు దీర్ఘం. కదలికల ద్వారా లయను ఒంటికి పట్టించే పద్ధతిని రూపుదిద్దిన స్విస్ సంగీతకారుడు ఎమిల్ జాక్-డాల్‌క్రోజ్, త, తి-తి వంటి అక్షరాలను తన విద్యా విధానంలో వాడుకలోకి తెచ్చిన హంగరీ సంగీతకారుడు జోల్తాన్ కొదాయ్, ఈ ఇద్దరి ప్రభావం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. సంగీతం ఆగగానే బొమ్మలా నిలబడిపోయే ఆట పిల్లలందరికీ తెలిసినదే. ఇక్కడ దానికి చేర్చిన ఒక నియమం నాకు ఎంతో నచ్చింది. పియానో ఆగిన తరువాత నాలుగు లెక్కలు మనసులోనే లెక్కపెట్టుకుని, పియానో మళ్లీ అందుకునే క్షణానికి సరిగ్గా అడుగు వేయాలి. మౌనానికీ కొలత ఉంటుందన్న విషయం ఆ ఒక్క నియమంతో పిల్లలకు తెలిసింది. తెలియని ఆటను కొత్తగా కనిపెట్టడం కంటే, తెలిసిన ఆటలో ఇలా ఒక సంగీత నియమాన్ని ప్రవేశపెట్టడానికే ఎక్కువ నేర్పు కావాలని నేను అనుకుంటాను.

ఇంట్లో సరిగమలు విన్న పిల్లల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. బృందంలో ఇద్దరు పిల్లలకు సి అంటే స అని ఇంట్లో చెప్పి పంపారు. మన షడ్జమం పాడేవారి శ్రుతిని బట్టి ఎక్కడైనా ఉండవచ్చు. సి అన్నది మాత్రం స్థిరమైన స్వరం. మధ్య సప్తకంలోని ఎ స్వరాన్ని సెకనుకు 440 కంపనాలకు శ్రుతి చేసిన పియానోలో, మధ్యలోని సి సుమారు 261.6 కంపనాలతో పలుకుతుంది. ఉపాధ్యాయురాలు సి నుంచి పై సి దాకా తెల్ల మెట్లన్నీ వాయించి సరిగమలు పాడించి, ఆ వెంటనే డి నుంచి మొదలుపెట్టి అదే శంకరాభరణ వరుసను రెండు నల్ల మెట్లు కలిపి వాయించి మళ్లీ పాడించారు. స ఇల్లు మారిందని, సి మాత్రం ఎక్కడికీ పోలేదని ఒక పిల్లవాడు అన్నాడు. ఇంత చక్కని మాటను ఆ రోజు పలక మీద రాసి ఉంచారు.

ఇక నాకు నచ్చని విషయాలు. ఇంటి సాధన కోసం సంస్థ ఇచ్చే ట్యాబ్లెట్ యాప్ వాటిలో మొదటిది. తెర మీద రంగు పట్టీలు పైనుంచి జారుతూ ఉంటాయి. పట్టీ కింది గీతను తాకే సమయానికి ఆ రంగు మెట్టును నొక్కితే నక్షత్రాలు వస్తాయి, నక్షత్రాలు పెరిగితే కొత్త బొమ్మలు తెరుచుకుంటాయి. మొదటి రెండు వారాలు మా అమ్మాయి రోజూ తనంతట తానే కూర్చోవడం చూసి నేనూ సంతోషించాను. ఒక సాయంత్రం పొరపాటున ధ్వని తగ్గిపోయి కీబోర్డు పూర్తిగా మూగబోయింది. ఆమె అది గమనించనే లేదు. మూగ మెట్లను నొక్కుతూనే ఉంది, నక్షత్రాలు రాలుతూనే ఉన్నాయి. ఏ తీగ ఎప్పుడు పూర్తిగా మౌనం వహించిందో చేయి ఎత్తి చెప్పే బిడ్డ, ధ్వనే లేని పియానోను సంతోషంగా వాయిస్తూ ఉండటం చూసి నాకు చాలా బాధ కలిగింది. ఆ యాప్ నేర్పుతున్నది కంటికి, వేలికి మధ్య వేగం మాత్రమే. చెవికి అందులో పని లేదు. ఇటువంటి సాధనాన్ని పరీక్షించాలనుకునే తల్లిదండ్రులు ధ్వని ఆపి చూడండి. ఆట యథాతథంగా సాగితే అందులో సంగీతం లేదన్నమాట. మేము ఆ రోజే దాన్ని తీసేశాము. ఒక వారం పాటు మా అమ్మాయి అలిగింది, ఆ తరువాత మరిచిపోయింది.

రెండో లోపం స్వరలిపికి సంబంధించినది. తొలి నెలల్లో పాటలను, స్వరాలు రాసే ఐదు గీతల మీద కాకుండా, వేళ్ల అంకెలతో ఎక్కుతూ దిగుతూ ఉండే బొట్లుగా చూపిస్తారు. బొటనవేలు 1, చిటికెనవేలు 5. రెండు చేతులకూ ఇదే లెక్క. చదవడం ఇంకా రాని పిల్లలకు ఇది మంచి ఏర్పాటే. అయితే అన్ని పాటలూ ఒకే చోట, కుడి బొటనవేలు సి మీద పెట్టుకునే వాయించినందువల్ల, 3 అంటే మధ్యవేలు అని కాకుండా 3 అంటే ఇ మెట్టు అని మా అమ్మాయి మనసులో స్థిరపడిపోయింది. ఐదో నెలలో చేతిని జి దగ్గరికి జరిపినప్పుడు, 3 కనిపించగానే ఆమె చేయి మళ్లీ ఇ దగ్గరికే పరుగెత్తింది. నలుగురిలో ముగ్గురికి ఇదే ఇబ్బంది. మొదటి నెల నుంచే ఒకే పాటను వారానికొక చోట వాయించి ఉంటే ఈ సమస్య వచ్చేది కాదు.

ఏడో నెలలో ఐదు గీతలను ప్రవేశపెట్టిన తీరు ఈ ఎనిమిది నెలల్లోనూ అత్యంత బలహీనమైన ఘట్టం. అంతవరకు చెవికీ చేతికీ ఇచ్చిన సమయాన్ని కంటికి ఇవ్వలేదు. ఒకే తరగతిలో పై గీతలు, కింది గీతలు, వాటి అక్షరాలు, ఆ అక్షరాలను గుర్తుపెట్టుకోవడానికి ఒక వాక్యం, అన్నీ ఒకేసారి వచ్చి పడ్డాయి. అక్షరాలే ఇంకా కుదురుగా రాని వయసులో, అక్షరాల ద్వారా గీతలను, గీతల ద్వారా మెట్లను గుర్తుపట్టమనడం న్యాయం కాదు. మా అమ్మాయి మొదటిసారి తరగతికి రానని చెప్పింది ఆ వారమే. మేము ఇద్దరు ముగ్గురం ఉపాధ్యాయురాలితో మాట్లాడాము. ఆమె ఏమాత్రం నొచ్చుకోకుండా విని, తరువాతి పాఠానికి గదిలో నేల మీద ఐదు తాళ్లు పరిచి ఉంచారు. తాడు మీద నిలబడిన బిడ్డ పక్క ఖాళీలోకి అడుగు వేస్తే పియానో దగ్గర ఉన్న బిడ్డ పక్క తెల్ల మెట్టు వాయించాలి. ఖాళీని దాటి పక్క తాడు మీదికి దూకితే ఒక తెల్ల మెట్టు విడిచి ఆ తరువాతది వాయించాలి. కర్ణాటక సంగీతం తొలి పాఠాల్లో స్వరాలను దాటుకుంటూ పాడే మన దాటు వరుసలు గీతల మీద కనిపించినట్టు అనిపించింది. అక్షరాల పేర్ల కంటే ముందు, స్వరాల మధ్య దూరాన్ని కంటికి పట్టించే ఈ పద్ధతి రెండు వారాలలోనే పిల్లలను తిరిగి దారిలో పెట్టింది. ఉపాధ్యాయురాలి పట్ల నా గౌరవం పెరిగింది. పాఠ్యప్రణాళికలో మాత్రం ఈ భాగాన్ని తిరిగి రాసుకోవాలి.

వాద్యం గురించి కొంత చెప్పాలి. మొదట్లో 61 మెట్ల కీబోర్డు చాలని సంస్థ చెప్పింది. మూడు నాలుగు నెలలకు అది నిజమే. సాధారణంగా ఆ కీబోర్డులు సి తో మొదలై సి తోనే ముగుస్తాయి. మా అమ్మాయి ఇంటికి రాగానే ఒంటరి చెల్లెలి కోసం వెతికి, లేదని తెలిసి నిరాశపడింది. అంతకంటే ముఖ్యమైన తేడా మెట్ల బరువులో ఉంది. తేలికైన మెట్ల మీద నిశ్శబ్ద పందెం సరిగ్గా సాగదు, మెల్లగా వాయించడం చేతికి పట్టుబడదు. నాలుగో నెల దాటాక బరువు మెట్లున్న 88 మెట్ల డిజిటల్ పియానోకు మారాము. చేతిలో మార్పు నెల తిరగకముందే కనిపించింది. స్పర్శను బట్టి ధ్వని మారని కీబోర్డు మాత్రం మొదటి రోజుకు కూడా పనికిరాదు. పిల్లల మోచేతులు మెట్ల ఎత్తుకు రావాలి, పాదాలు గాలిలో వేలాడకుండా వాటి కింద ఒక పీట ఉండాలి. తరగతిలో ఈ రెండింటినీ ప్రతిసారీ సరిచూసేవారు.

ఇంటి సాధన రోజుకు పది నిమిషాలే, అదీ ఐదేసి నిమిషాలుగా రెండుసార్లు. ఇంట్లో తల్లిదండ్రులు సరిదిద్దేవారిగా కాకుండా వినేవారిగా ఉండాలని మొదటి సమావేశంలోనే చెప్పారు. నేను తొలి వారాల్లో ఈ సలహా పాటించలేదు. వేలు వంగిందని, లెక్క తప్పిందని చెబుతూ ఉంటే ఆమె ఒక రోజు మూత వేసి లేచి వెళ్లిపోయింది. ఆ తరువాత నుంచి నేను అడిగేది ఒక్కటే, నాకు మళ్లీ ఒకసారి వినిపిస్తావా అని. ఆ మళ్లీ ఒకసారిలో ఆమే తన తప్పులు సరిదిద్దుకుంటూ వచ్చింది.

ఒకే బృందంలో నాలుగేళ్ల బిడ్డను, ఆరేళ్ల బిడ్డను కలపడం సరైన నిర్ణయం కాదు. ఆరేళ్ల పిల్లవాడు చదవగలడు, ఐదు మెట్ల మీద ఐదు వేళ్లు స్థిమితంగా ఉంచగలడు. నాలుగేళ్ల పాప చివరి పది నిమిషాలు అలసిపోయి నేల మీద కూర్చునేది. ముగింపు ప్రదర్శన చిన్నది, హాయిగా సాగింది. పోటీలు, బహుమతులు లేకపోవడం నాకు తృప్తినిచ్చింది.

ఎనిమిది నెలల తరువాత మా అమ్మాయి పదకొండు చిన్న వరుసలు వాయిస్తుంది. చాలావాటిలో రెండు చేతులు ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. రెండూ కలిసి వాయించేవి రెండే. మూడు స్వరాలు వినిపిస్తే పాడి, వాటిని పియానో మీద వెతుక్కుంటుంది. తెలిసిన పాటలు త్వరగా వాయించాలని ఆశించే వారికి ఈ వేగం సరిపోదు, అది ముందే తెలుసుకుని చేరడం మంచిది. చెవి, చేయి తొందర లేకుండా ఎదగాలనుకునే వారికి మాత్రం మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను.

రెండో దశలో చేరేటప్పుడు సంస్థకు రెండు విన్నపాలు చేశాను. యాప్‌ను తప్పనిసరి సాధనగా కాకుండా ఐచ్ఛికంగా ఉంచడానికి వాళ్లు ఒప్పుకున్నారు. వయసును బట్టి బృందాలను విడదీయడం గురించి ఇంకా జవాబు రాలేదు. రాగానే ఈ సమీక్షలో చేరుస్తాను.